కంచెకు ఇరువైపులా జులూ నేల

దక్షిణాఫ్రికా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి కేప్‌టౌన్, క్రూగర్ పార్కు. నన్నెవరైనా అడిగితే మాత్రం డర్బన్‌లో దిగి ఉత్తరానికి వెళ్లమంటాను. క్వాజులు-నటాల్ రాష్ట్రంలో తుగేలా నది దాటాక మొజాంబిక్ సరిహద్దు దాకా ఉన్న నేలే జులూలాండ్. ఖడ్గమృగం అంతరించిపోకుండా నిలిచిన అడవి అక్కడుంది. బ్రిటిష్ సైన్యాన్ని చిత్తు చేసిన యుద్ధభూమి అక్కడుంది. దేశంలో నాలుగో వంతు మంది ఇళ్లలో మాట్లాడే జులూ భాషకు పుట్టిల్లూ అదే.

నేను ఉద్యోగమంతా నల్లమల అడవుల్లో చేశాను. రేంజి ఆఫీసరుగా రిటైరయ్యాను. అమ్మాయి, అల్లుడు డర్బన్‌లో ఉండటంతో జులూలాండ్‌ను తీరిగ్గా తిరిగి చూసే అవకాశం దొరికింది. ఒకరోజు జంతువులు, ఇంకోరోజు సంస్కృతి అని ఆ నేలను రెండు ముక్కలు చేసి చూపించే టూర్లు చాలా ఉన్నాయి. అలా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి. అక్కడి అడవిని కాపాడింది అక్కడి మనుషుల తెలివిడి. అదే మనుషులను కంచె బయటికి నెట్టిన చరిత్ర కూడా ఆ అడవిదే.

చెరకు తోటల దారి

డర్బన్ నుంచి ఉత్తరానికి ఎన్-2 రహదారి ఎక్కితే చాలాదూరం రెండువైపులా చెరకు తోటలే. మనకు ఆ చెరకుతో నెత్తుటి సంబంధం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మంది భారతీయ కూలీలతో డర్బన్ రేవు చేరింది. 1911 దాకా ఇలా వచ్చినవాళ్లు లక్షా యాభై వేలకు పైనే. వాళ్లలో తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర, కోస్తా, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. మా అమ్మాయి వీధిలోనే నాయుడులు, రెడ్లు ఉన్నారు. తెలుగు మాట్లాడటం రాకపోయినా ఉగాది చేసుకుంటారు. 1931లో వీళ్ల పెద్దలు స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ నడుస్తోంది.

అంత దూరం నుంచి కూలీలను ఎందుకు తెచ్చారు? జులూలకు సొంత భూమి, సొంత పశువులు ఉన్నాయి. తెల్లవాళ్ల తోటల్లో ఏళ్ల తరబడి కూలికి కుదరాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఆ లోటు పూడ్చడానికే మనవాళ్లను ఓడలెక్కించారు. జులూలను దారికి తెచ్చుకోవడానికి తర్వాత యుద్ధాలొచ్చాయి, పన్నులొచ్చాయి. 1906లో తలపన్ను మీద బంబాతా నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం స్థాపించిన గాంధీజీ అప్పుడు భారతీయులతో ఒక స్ట్రెచర్ దళం కట్టి వెళ్లారు. తెల్ల నర్సులు ముట్టని జులూ క్షతగాత్రులకు ఆ దళమే కట్లు కట్టింది. ఆ దారిలో వెళ్లే తెలుగువాడు ఈ రెండు సంగతులూ తెలుసుకుని వెళ్లాలి.

రెండు నదుల మధ్య

డర్బన్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం, దాదాపు 280 కిలోమీటర్లు పోతే హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి పార్కు. విస్తీర్ణం 960 చదరపు కిలోమీటర్లు. 1895లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు కాబట్టి ఆఫ్రికాలోని అతి పాత అభయారణ్యాల్లో ఇదొకటి. ఉత్తరాన హ్లుహ్లువే పచ్చటి కొండలు, దక్షిణాన ఇమ్ఫొలోజి పొడి తుమ్మ అడవులు.

బ్రిటిష్‌వాళ్లు గీత గీయకముందే ఈ నేలకు కట్టుబాట్లున్నాయి. తెల్ల ఇమ్ఫొలోజి, నల్ల ఇమ్ఫొలోజి నదులు కలిసేచోటు జులూ రాజుల వేటభూమి. రాజు ఆజ్ఞ లేకుండా అక్కడ ఎవరూ వేటాడకూడదు. జంతువులను తరుముకొచ్చి పడదోయడానికి రాజు షాకా కాలంలో తవ్వించినవని చెప్పే గోతుల ఆనవాళ్లు సంగమం దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. షాకా 1828లో హత్యకు గురయ్యాడు. అప్పటికి చిన్న చిన్న తెగలను కలిపి ఒక రాజ్యంగా నిలబెట్టాడు.

తర్వాత తుపాకులొచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దక్షిణ తెల్ల ఖడ్గమృగాలు వందలోపుకు పడిపోయాయి, అవీ ఈ ఒక్క అడవిలోనే. ఆ పైన ఇంకో గండం. సెట్సీ ఈగ వల్ల పశువులకు నగానా అనే జబ్బు వచ్చేది. ఆ ఈగ వన్యమృగాల నెత్తురు మీద బతుకుతుంది కాబట్టి మృగాలనే లేకుండా చేస్తే ఈగ పోతుందని ప్రభుత్వం లెక్క వేసింది. లక్షకు పైగా జంతువులను కాల్చి చంపించిందని అంటారు. ఖడ్గమృగాల జోలికి మాత్రం పోలేదు. 1940ల్లో డీడీటీ చల్లాక ఈగ పోయింది, కాల్పులు ఆగాయి. మూగజీవాల మీద ప్రభుత్వమే అంత యుద్ధం చేసిన చోటు ఇవాళ పర్యాటకులకు స్వర్గంలా కనిపిస్తుంటే, అడవి ఓపిక ఎంతటిదో తెలుస్తుంది.

జాడ చదివే మనుషులు

1953లో ఇయాన్ ప్లేయర్ అనే యువ రేంజరు విమానంలో తిరిగి లెక్కపెడితే 437 తెల్ల ఖడ్గమృగాలు తేలాయి. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క అంటురోగం చాలు, జాతి మొత్తం పోవడానికి. మత్తుమందు సూదితో పడగొట్టి, ఇతర పార్కులకు తరలించే ఆపరేషన్ రైనో 1960ల్లో మొదలైంది. ఎం-99 అనే మందును ఎంత మోతాదులో ఇస్తే అంత పెద్ద జంతువు చచ్చిపోకుండా నిద్రపోతుందో పరీక్షించి తెలుసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దక్షిణ తెల్ల ఖడ్గమృగం కనిపించినా దాని పూర్వీకులు ఈ లోయలవే.

ఈ కథలో ప్లేయర్ పేరు అందరికీ తెలుసు. ఆయన గురువుగా భావించిన మగ్కూబు న్టోంబేలా పేరు కూడా తెలియాలి. న్టోంబేలాకు చదవడం, రాయడం రాదు. ఆ అడవిలో ప్రతి పిట్ట కూత, ప్రతి చెట్టు మందు, ప్రతి వాగు కథ ఆయనకు తెలుసు. ఆ ఇద్దరూ కలిసే ఇమ్ఫొలోజిలో కాలినడక యాత్రలు నడిపారు. పార్కు దక్షిణ భాగంలో ఇప్పటికీ రోడ్డు వేయని అరణ్యం ఉంది. అక్కడ నడిచే పోవాలి.

ఇద్దరు సాయుధ రేంజర్లతో నేను తెల్లవారుజామున అక్కడ నడిచాను. ముందు నడిచే జులూ రేంజరుకు ముప్ఫై ఐదేళ్లుంటాయి. నన్ను వయసుకు గౌరవంగా "బాబా" అని పిలిచాడు. చేతిలో బూడిద నింపిన చిన్న గుడ్డసంచి. అడపాదడపా దాన్ని దులిపి, బూడిద ఎటు కొట్టుకుపోతోందో చూసి దారి మార్చేవాడు. మన వాసన ఖడ్గమృగం వైపు పోకూడదు. దానికి చూపు తక్కువ, ముక్కు చెవులు చాలా చురుకు.

ఒకచోట ఆగి పేడకుప్ప చూపించాడు. తెల్ల ఖడ్గమృగం గడ్డి మేస్తుంది, పేడలో మెత్తటి గడ్డిపీచు ఉంటుంది. నల్లది కొమ్మలు కొరుకుతుంది, పేడలో కత్తిరించినట్టున్న పుల్లముక్కలు కనిపిస్తాయి. రంగు రెండింటిదీ బూడిదే. తేడా పెదవిలో ఉంది: తెల్లదానికి వెడల్పు మూతి, నల్లదానికి కొక్కెంలా వంగిన పెదవి. తెల్ల తల్లి దూడను ముందు నడిపిస్తుంది, నల్ల తల్లి వెనక తెచ్చుకుంటుంది. పొదలు చీల్చుకుంటూ పోవాల్సినప్పుడు తల్లే ముందుండాలి కదా. అరగంటలో ఆ కుప్ప వేసిన ఖడ్గమృగమే, పక్కన దూడతో, అరవై అడుగుల దూరంలో కనిపించింది. వీపు మీద ఆక్స్‌పెకర్ పిట్టలు గోమార్లు ఏరుతున్నాయి. ఆ పిట్టలు కీచుమని లేస్తే మనం ఉన్నట్టు దానికి తెలిసిపోతుంది. అందుకే రేంజరు చూపంతా పిట్టల మీదే ఉంది.

నల్లమలలో మా చెంచు వాచర్లు ఎండాకు మీద పడిన పులి అడుగును ఇలాగే చదివేవారు. ప్రపంచంలో ఏ అడవిని కాపాడాలన్నా మొదట కావలసింది ఈ చదువున్న మనుషులే.

ముళ్లకొమ్మతో ఇంటికి

తిరుగుదారిలో రేంజరు ఒక చెట్టు దగ్గర ఆగాడు. ఆకు చూడగానే గుర్తుపట్టాను. మన రేగు చెట్టుకు దగ్గర బంధువు. జులూలు దాన్ని ఉమ్లాహ్లాంకోసి అంటారు. ముళ్లు జంటలుగా ఉంటాయి, ఒకటి తిన్నగా, ఒకటి వెనక్కి వంగి. తిన్నగా ఉన్నది మనం పోవాల్సిన దారి అని, వంగినది ఎక్కణ్ణుంచి వచ్చామో మరవద్దని చెబుతుందని వాళ్ల పెద్దలు అంటారట.

ఎవరైనా ఇంటికి దూరంగా, ఆస్పత్రిలోనో రోడ్డు ప్రమాదంలోనో చనిపోతే, కుటుంబంలో పెద్దవాడు ఈ కొమ్మ పట్టుకుని ప్రాణం పోయిన చోటికి వెళ్తాడు. పేరు పెట్టి పిలిచి "నిన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాను" అని చెబుతాడు. ఆత్మ కొమ్మతో పాటు వస్తుందని నమ్మకం. దారిలో పెద్దవాడు ఇంకెవరితోనూ మాట్లాడడు. వాగు దాటేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ఆత్మకు చెబుతాడు. బస్సెక్కితే చనిపోయినవాడికీ ఒక సీటు డబ్బు కడతారు. ఇంటికొచ్చాక కొమ్మను పూర్వీకుల స్థానంలో పెడతారు. వలస పోయి గనుల్లో, పట్టణాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఎన్నో తరాల మగవాళ్లను ఊరు చేర్చింది ఈ ముళ్లకొమ్మే.

అడవిలో ఒక చెట్టు పోతే పుస్తకంలో ఒక జాతి పేరు తగ్గుతుందని మా శాఖలో లెక్క వేసేవాళ్లం. ఒక జాతి ప్రజలు తమ చనిపోయినవాళ్లను తెచ్చుకునే దారి కూడా ఆ చెట్టుతోనే పోతుంది.

దొడ్డి చుట్టూ ఇల్లు

సంప్రదాయ జులూ ఇంటిని ఉమూజి అంటారు. నట్టనడుమ పశువుల దొడ్డి, దాని చుట్టూ వలయంగా గుడిసెలు. గడ్డితో అల్లిన గుండ్రటి గుడిసెలోకి వంగి వెళ్లాలి. నేల పుట్టమన్నుతో చదును చేసి, పేడతో అలికి, రాయితో రుద్ది అద్దంలా మెరిపిస్తారు. లోపల కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు కూర్చుంటారు. ద్వారానికి ఎదురుగా వెనక గోడ దగ్గరి చోటు ఉమ్సామో, అది పూర్వీకులది.

పశువులే సంపద, పశువులే బంధుత్వం. పెళ్లికి వరుడి వైపు వాళ్లు ఇచ్చే లొబోలాలో మామూలు కుటుంబాలకు పదకొండు పశువులు ఆనవాయితీ. అందులో ఒకటి పెళ్లికూతురి తల్లికి. ఇప్పుడు చాలామంది డబ్బు రూపంలో ఇస్తారు, అయినా బేరం పశువుల లెక్కలోనే. ఎంగూని జాతి ఆవుల ఒంటి మీది మచ్చలకు వాళ్లకు వందల పేర్లున్నాయి. తెల్లటి ఒంటి మీద చిన్న చిన్న చుక్కలున్న ఆవును భరతపిట్ట గుడ్ల పేరుతో పిలుస్తారు. అడవిలో పిట్ట గుడ్డును దగ్గరగా చూసినవాడే ఆవుకు ఆ పేరు పెట్టగలడు.

హ్లబీసా ప్రాంతం ఇలాలా తాటాకు బుట్టలకు ప్రసిద్ధి. ఎంత బిగుతుగా అల్లుతారంటే నీళ్లు పోసినా కారవు. కల్లు లాంటి జొన్న బీరు తాగే కుండను ఉఖాంబా అంటారు. ఒక పెద్దామె కుండ చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. సారె లేదు. మట్టిని తాడులా పేని, చుట్టు మీద చుట్టు పేర్చి, వేళ్లతో అతికింది. పైన చిన్న చిన్న బొడిపెలు వరసగా పెట్టింది. నదిలో నునుపు తేలిన గులకరాయితో చాలాసేపు రుద్దింది. ఆరుబయట కాల్చాక, రెండోసారి పొగబెట్టి కాలిస్తే నల్లబడుతుందట. పూర్వీకులకు చల్లటి చీకటి ఇష్టం, అందుకే కుండ నల్లగా ఉండాలని చెప్పింది. బీరు వడ్డించేటప్పుడు కాచిన ఇల్లాలే మొదట గుక్క తాగి ఇస్తుంది. మంచిదేనని అతిథికి భరోసా.

సెప్టెంబరులో నోంగోమా దగ్గర ఎన్యోకేని రాజభవనంలో రెల్లు పండుగ జరుగుతుంది. వేలాది అమ్మాయిలు రెల్లు కర్రలు తెచ్చి రాజుకు సమర్పిస్తారు. మరుగున పడిన ఆ పండుగను అప్పటి రాజు గుడ్‌విల్ జ్వెలితీని పునరుద్ధరించారు.

ఇసాండ్ల్వానా

పార్కుకు పడమరగా కొన్ని గంటలు పోతే బయలు మధ్య ఒంటరిగా నిలబడ్డ కొండ, ఇసాండ్ల్వానా. 1878 డిసెంబరులో బ్రిటిష్‌వాళ్లు రాజు చెట్ష్వాయోకు సైన్యాన్ని రద్దు చేయమని గడువు పెట్టారు. అది ఏ రాజూ ఒప్పుకోని షరతు. 1879 జనవరి 22న దాదాపు 20,000 మంది జులూ యోధులు ఈటెలు, డాళ్లతో ఆ కొండ కింది శిబిరం మీద పడ్డారు. మధ్యన ఛాతీ, రెండువైపులా కొమ్ములు, ఎద్దు తల ఆకారంలో వ్యూహం. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. జులై 4న ఉలుండీలో బ్రిటిష్‌వాళ్లు గెలిచి రాజ్యాన్ని కూల్చారు.

ఇప్పుడు అక్కడ తెల్ల సున్నం వేసిన రాళ్లగుట్టలు కనిపిస్తాయి, సైనికులు పడిపోయిన చోట్ల. జులూ వీరులకు స్మారకం 1999లో గానీ రాలేదు. వీరుడికి ఇచ్చే కంఠహారం ఆకారంలో కంచుతో పోశారు. నూట ఇరవై ఏళ్లు తమ నేల మీదే తమవాళ్లకు గుర్తు లేకుండా బతికారు జులూలు. అక్కడికి వెళ్తే స్థానిక జులూ గైడును పెట్టుకోండి. ఆయన ముత్తాతల కథ వినకుండా ఆ బయలు చూడటం దండగ.

నీటి అంచున

తీరం వెంట 3,32,000 హెక్టార్ల ఇసిమాంగలీసో చిత్తడి పార్కు, 1999లో దేశంలో మొదటి ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఒకటైంది. సెయింట్ లూసియా సరస్సులో పడవెక్కితే హిప్పోల మందలు, మొసళ్లు దగ్గరగా కనిపిస్తాయి. రాత్రిళ్లు హిప్పోలు ఊరి వీధుల్లోకి గడ్డి మేయడానికి వస్తాయి, చీకటి పడ్డాక నడవకండి. నవంబరు నుంచి జనవరి దాకా సముద్ర తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. 1963 నుంచి ఇక్కడ వాటిని ఏటా లెక్కిస్తున్నారు.

ఉత్తర కొసన కోసీ బే. అక్కడి థోంగా జాలర్లు నీళ్లలో కర్రలు పాతి వంపులు తిరిగే దడులు కడతారు. వాటిలో పడిన చేపను ఈటెతో పొడుస్తారు. దడి తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిగా వస్తుంది. కర్రల మధ్య సందుల్లోంచి చిన్న చేపలు తప్పించుకుపోతాయి. వందల ఏళ్లుగా ఇలాగే పట్టుకుంటున్నారు.

కొమ్ము కోసిన ఖడ్గమృగం

ఇంత చరిత్ర ఉన్న హ్లుహ్లువే-ఇమ్ఫొలోజిలో 2023లో ఒక్క ఏడాదే 307 ఖడ్గమృగాలను వేటగాళ్లు చంపారు. దేశం మొత్తం మీద ఆ ఏడాది పోయినవి 499. మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే పదార్థమే కొమ్ములోనూ ఉంటుంది, దానికోసం ఇంత. 2024లో పార్కు అధికారులు మత్తిచ్చి కొమ్ములు రంపంతో కోయడం మొదలుపెట్టారు. కొమ్ము మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాలి. ఆ ఏడాది రాష్ట్రంలో వేట 325 నుంచి 232కు తగ్గింది. కొమ్ము లేని ఖడ్గమృగాన్ని చూస్తే బాధేస్తుంది. చచ్చిన ఖడ్గమృగాన్ని చూడటం కన్నా మేలు.

రంపం కొంతకాలం ఆపగలదు. కంచె బయట ఉద్యోగం లేని కుర్రాడికి స్మగ్లర్లు చూపించే డబ్బును శాశ్వతంగా ఆపేది అడవి వల్ల ఊరికొచ్చే ఆదాయమే. ఎర్రచందనం విషయంలో శేషాచలంలోనూ మనం ఇదే డబ్బు ఆశను చూశాం.

వెళ్లాలనుకునేవారికి

వీసా ముందే తీసుకోవాలి. దుబాయ్ మీదుగానో, జొహానెస్‌బర్గ్ మీదుగానో డర్బన్ చేరవచ్చు. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. జంతువులు చూడాలంటే మే నుంచి సెప్టెంబరు అనువైన కాలం. గడ్డి ఎండిపోయి, నీటిమడుగుల దగ్గరికి అన్నీ వస్తాయి. పార్కులో హిల్‌టాప్, ఎంపీలా క్యాంపుల్లో బస ముందుగా బుక్ చేసుకోండి. మలేరియా గురించి డాక్టర్ని అడిగి వెళ్లండి.

ఒక మాట మాత్రం తప్పక గుర్తుంచుకోండి. ఎన్ని రోజులు కంచె లోపల గడిపితే కనీసం అందులో సగం కంచె బయట గడపండి. ఊరివాళ్లు నడిపే బసలో ఒక రాత్రి ఉండండి. బుట్ట కొనాలనిపిస్తే విమానాశ్రయం దుకాణంలో కాకుండా అల్లినామె దగ్గరే, ఆమె చెప్పిన ధరకే కొనండి. ఖడ్గమృగం బతకడానికి మీరు చేయగలిగిన సాయం అదే.